మీ తర్వాత ఆ పెట్టె తెరిచేవాళ్ళకి అర్థమయ్యేలా పెట్టండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పన్నెండేళ్ళు తిరిగి ఏడు తరాల పేర్లు, నాలుగు వందల మందికి పైగా మనుషుల వివరాలు పోగు చేశారు. ఇంట్లో తాటాకుల కట్ట ఒకటి, అమ్మమ్మగారి మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు రెండు, మూడు ఆల్బమ్‌ల ఫోటోలు, ట్రంకు పెట్టె నిండా దస్తావేజులు ఉన్నాయి. పిల్లలిద్దరూ అమెరికాలో, వాళ్ళకి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. తెనాలిలో 84 ఏళ్ళ పెద్దమ్మగారు ఉన్నారు, ఆవిడ దగ్గరికి ఇంకా వెళ్ళలేకపోయారు. "దస్తావేజులు లామినేషన్ చేయించి, మిగతాదంతా గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తే సరిపోతుందా?" అని అడిగారు.

సరిపోదండీ. లామినేషన్ అయితే దయచేసి అసలు చేయించకండి, ఎందుకో తర్వాత చెప్తాను. ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను, ఈ పనిలో నాకు తెలిసిన దాంట్లో సగం అక్కడ నేర్చుకున్నదే.

మా పెదనాన్న రేపల్లె దగ్గర పల్లెటూళ్ళో స్కూలు మాస్టారు. రిటైరయ్యాక పదిహేనేళ్ళు మీలాగే తిరిగారు. కరణం గారిళ్ళు, గుళ్ళు, పెళ్ళిళ్ళు, ఎక్కడ ముసలివాళ్ళు కనబడితే అక్కడ కూర్చుని రాసుకునేవారు. పొడుగు నోట్‌బుక్కులు ఏడో ఎనిమిదో ఉండేవి. ఆయన పోయాక ఐదేళ్ళకి ఇల్లు అమ్మాల్సి వచ్చింది, సామాను సర్దే హడావిడిలో రెండు గోనెసంచుల కాగితాలు పాత పేపర్ల వాడికి వెళ్ళిపోయాయి. ఎవరూ కావాలని చేయలేదు. ఆ సంచుల్లో ఏముందో ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలియదు, అంతే. మిగిలింది ఒకే ఒక్క నోట్‌బుక్కు జిరాక్సు. అది ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి భార్యగా స్థిరపడిపోయిన మా మేనత్త ఇంట్లో, బీరువా అడుగున ఉంది. ఎప్పుడో ఆయనే పోస్టులో పంపారట.

ఆ జిరాక్సు చేతికొచ్చిన రోజు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. తీరా చదవడం మొదలుపెడితే పేజీకి నాలుగు చోట్ల ఇలా ఉంది: "నరసమ్మ (చిన్న) – బా. చె. – చూ. నీ.పు. 14." చె. అంటే చెప్పినది అని ఊహించాం. మరి బా. ఎవరు? బాబాయా, బావగారా, బాపట్లలో ఎవరైనానా? రెండేళ్ళ తర్వాత ఒక పాత ఇన్లాండ్ లెటర్‌లో "బాపనమ్మత్త చెప్పిన ప్రకారం" అని కనబడితే అప్పుడు ముడి విడింది. నీ.పు. మాత్రం నీలం పుస్తకం. నీలం అట్ట పుస్తకం ఒకటి ఉండేదని మా మేనత్త చెప్పింది. అది గోనెసంచుల్లో పోయింది. చిన్న నరసమ్మ ఎవరో, పెద్ద నరసమ్మకి ఏమవుతుందో ఆ పద్నాలుగో పేజీలో ఉండి ఉంటుంది.

అందుకే మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఏ డబ్బా, ఏ డ్రైవు అని ఆలోచించే ముందు, మీరు లేని రోజున మీ పెట్టె తెరిచే మనిషిని కళ్ళముందు పెట్టుకోండి. ఆ మనిషికి మీ చేతిరాత అలవాటు ఉండదు, పొట్టి అక్షరాలు తెలియవు, చేతిలో ఒక గంట టైమ్ ఉంటుంది. పెట్టె ఉంచాలా పారేయాలా అన్నది ఆ గంటలో తేలిపోతుంది. ఆ గంట కోసం మీరు రాయాల్సింది ఒక మొదటి పేజీ. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఇది ఫలానా ఇంటిపేరు వాళ్ళ చరిత్ర, ఫలానా వాళ్ళు ఫలానా సంవత్సరాల మధ్య సేకరించారు, పెట్టెలో ఇవి ఉన్నాయి, కంప్యూటర్ కాపీలు ఇక్కడ ఉన్నాయి, ఇంకో ప్రతి ఫలానా వాళ్ళింట్లో ఉంది, పొట్టి అక్షరాలకి అర్థాలు ఇవి, దయచేసి పారేయకండి, వద్దనుకుంటే ఫలానా వాళ్ళకి ఇవ్వండి. ఇంతే. పెట్టె మూత లోపలివైపు ఒకటి అంటించండి, నోట్‌బుక్కు మొదట్లో ఒకటి పెట్టండి. మొత్తం పనిలో ఇది ఒక్క సాయంత్రం పట్టే పని, నా లెక్కలో మిగతా అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

రెండోది, ప్రతి మాట పక్కనా అది ఎక్కడిదో రాయండి. "తాత గారి తాత అమరావతి వైపు నుంచి వచ్చారు" అని రాసి వదిలేస్తే మీ మనవడికి అది కథ. "2014లో ఫలానా చిన్నాయనమ్మ చెప్పారు, అప్పటికి ఆవిడకి 91 ఏళ్ళు, వాళ్ళ అత్తగారి నోట విన్నారట" అని రాస్తే అది సాక్ష్యం. మీరు ఊహించినదైతే ఊహ అని రాయండి, సిగ్గుపడక్కర్లేదు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, నచ్చినది ఉంచి రెండోది కొట్టేస్తారు. పదేళ్ళ తర్వాత ఒక దస్తావేజు దొరికి ఆ కొట్టేసిందే నిజమని తేలిన సందర్భాలు నేను చూశాను.

తేదీల దగ్గర మనవాళ్ళ కాగితాలతో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. జాతకచక్రాల్లో, పాత కుటుంబ పుస్తకాల్లో "ధాత నామ సంవత్సర శ్రావణ శుద్ధ..." అని ఉంటుంది. ఈ పేర్లు అరవయ్యేళ్ళకోసారి తిరిగొస్తాయి కదా, ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కూడా కావచ్చు. మా ముత్తాతగారి పుట్టుక మేం మొదట 1936 అని వేసేసుకున్నాం, అలా చూస్తే ఆయన సొంత కొడుకు కన్నా చిన్నవాడు అయిపోయాడు! అప్పుడు మేనత్త "ఆయన కరువులో పుట్టాడనేవాళ్ళు" అంది. 1876-78 నాటి పెద్ద కరువుని మనవాళ్ళు ధాత కరువు అనే పిలిచారు. అక్కడితో లెక్క కుదిరింది. పెద్దవాళ్ళకి సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. "దివిసీమ ఉప్పెన నాటికి నీకు ఎన్నేళ్ళు?" అని అడిగితే 19 నవంబర్ 1977 నుంచి లెక్క వెనక్కి కట్టవచ్చు. గోదావరి వాళ్ళయితే 1953 వరద, 1986 వరద. తెలంగాణ వాళ్ళకి రజాకార్ల రోజులు, 1948 పోలీసు చర్య. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్ళల్లో అయితే జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేసినప్పుడు బర్మా నుంచి వచ్చేసిన కథలు, అంటే 1941-42. మీరు రాసేటప్పుడు తెలుగు సంవత్సరం అలాగే ఉంచి, పక్కన ఇంగ్లీషు సంవత్సరం, అది ఎలా తేల్చారో కూడా రాయండి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఆ ముక్క కూడా మొదటి పేజీలో పడేయండి. మీ మనవళ్ళకి ఫసలీ అనే మాటే తెలియదు.

ఊళ్ళ పేర్లు కూడా అంతే. "తెనాలి తాలూకా" అని రాసి ఉంటే ఇప్పటి పిల్లలకి తాలూకా అంటే ఏమిటో తెలియదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో తెలంగాణలో జిల్లాలు మారాయి, 2022లో ఆంధ్రాలో మారాయి. మా ఊరు నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. కొత్తపాలెం, రామాపురం లాంటి పేర్లతో ఎన్ని ఊళ్ళున్నాయో మీకు తెలుసు. కాబట్టి ఊరు, పాత తాలూకా, పాత జిల్లా, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా, దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు, ఇవన్నీ ఒకచోట రాసి పెట్టండి. ఫోన్లో ఆ ఊరి మ్యాప్ గుర్తు పెట్టుకుని దాని అంకెలు (అక్షాంశం, రేఖాంశం) కూడా రాసేస్తే ఇంకా మంచిది, జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఆ అంకెలు మారవు.

పేర్ల సంగతి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళల్లో ఏడు తరాల్లో నలుగురు వెంకటసుబ్బయ్యలు ఉంటారు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వండి, ఫోటో మీద, రికార్డింగు మీద, దస్తావేజు కవరు మీద ఆ నంబరే వేయండి. దత్తత వెళ్ళినవాళ్ళు, ఇల్లరికం వెళ్ళినవాళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళారో రెండు చోట్లా చూపించండి, లేకపోతే ఇంటిపేరు ఒకటి, రక్తం ఒకటి అయి తర్వాతి వాళ్ళు తికమకపడతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీరు పంపిన వంశవృక్షం ఫోటో చూశాను, అందులో ఆడపిల్లలకి కొమ్మలు లేవు. కోడళ్ళకి పేరుంది, పుట్టింటి పేరు లేదు. మా పెదనాన్న గీసిన దాంట్లోనూ ఇంతే. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పుకుంటాం గాబట్టి మగవాళ్ళ వైపు మూడు తరాలు ఎలాగో నోట్లో నిలుస్తాయి, అమ్మ తాలూకు అమ్మమ్మ ఏ ఊరి పిల్లో రెండు తరాలకే మాసిపోతుంది. ఆలోచించండి, ఆయన అంత పనీ పోయి, ఒక్క ప్రతి బతికింది ఎక్కడ? ఆయన చెట్టులో పేరు కూడా లేని చెల్లెలి ఇంట్లో. నేను మళ్ళీ గీసినప్పుడు మొదట ఆవిడ పేరే రాశాను. మీరు కూడా ఆడపడుచుల పిల్లల్ని, వాళ్ళ పిల్లల్ని కలపండి. కలిపితే ఒక లాభం వెంటనే కనబడుతుంది, మీ పని దాచుకునే ఇళ్ళు రెట్టింపవుతాయి.

ఇక వస్తువుల సంగతి.

లామినేషన్ ఎందుకు వద్దన్నానంటే, వేడి పెట్టి ప్లాస్టిక్‌ని కాగితానికి అతికించేస్తారు, ఇక దాన్ని విడదీయలేం. లోపల కాగితం ఆమ్లంతో పాడవడం ఆగదు, కొన్నేళ్ళకి జిగురు పసుపెక్కుతుంది, స్టాంపు ముద్రలు మసకబారతాయి. సెల్లో టేపు కూడా అంతే, చిరుగు దగ్గర గోధుమరంగు చార వేసి కాగితాన్ని తినేస్తుంది. మడతలు మెల్లిగా విప్పండి, గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేయండి (తుప్పు పట్టిన చోట కాగితం రంధ్రం పడిపోతుంది), ఒక్కో దస్తావేజుని ఆమ్లం లేని కాగితపు కవర్లో పెట్టి, అడ్డంగా పరిచి పెట్టెలో ఉంచండి. ఆ కవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ప్లాస్టిక్ కవరే కావాలంటే పాలిస్టర్‌ది తీసుకోండి, బజార్లో దొరికే మెత్తటి పీవీసీ ఫోల్డర్లు మాత్రం వద్దు, అవి అక్షరాల్ని లాగేసి అంటుకుపోతాయి. పెట్టె నేల మీద పెట్టొద్దు, బయటి గోడకి ఆనించొద్దు, అటక మీద అసలు వద్దు. అటక మీద ఎండాకాలం మాడిపోతాయి, వానాకాలం చెమ్మ పడతాయి. మనుషులు తిరిగే గదిలో బీరువా నడిమి అర మంచిది. ఏడాదికి రెండుసార్లు తెరిచి చూడండి, చెదలు గానీ వెండిరంగు పురుగులు గానీ మొదట్లోనే కనబడితే కాపాడుకోవచ్చు.

తాటాకుల కట్టని మీరు విప్పకండి. ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే లాగినప్పుడు పొర ఊడి అక్షరాలతో సహా వచ్చేస్తుంది. నూనె రాయమని చాలామంది చెప్తారు. నిమ్మగడ్డి నూనె వాడటం పాత పద్ధతే, తెలిసినవాళ్ళు చేతులు పెట్టాల్సిన పని అది, ఇంట్లో కొబ్బరినూనె పూసేస్తే దుమ్ము పట్టి బూజు వస్తుంది. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది, అక్కడి వాళ్ళకి ఇది రోజూ పని. చదివి చెప్పమని అడగండి, శుభ్రం చేసే పద్ధతి అడగండి. అందులో మీ కుటుంబం లెక్కలే ఉన్నాయో, ఏ వైద్యగ్రంథమో ఉందో తెలిశాక ఇంట్లో ఉంచాలా అక్కడ ఇవ్వాలా అన్నది నిర్ణయించుకోవచ్చు.

ఫోటోలకి వస్తే, వెనకవైపు బాల్‌పెన్నుతో రాయొద్దు. మా ఇంట్లో 1950ల నాటి పెళ్ళి ఫోటో ఒకటుంది, ఎవరో వెనక గట్టిగా నొక్కి "చి. సౌ. సుబ్బలక్ష్మి" అని రాశారు, వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే పెళ్ళికూతురి బుగ్గ మీద ఆ అక్షరాలు తిరగేసి కనబడతాయి. మెత్తటి పెన్సిలు, 2బి గానీ 4బి గానీ, అంచు దగ్గర తేలిగ్గా రాయండి. జిగురు చారలున్న పేజీలకి ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లు ఉంటాయి చూడండి, 80ల్లో అందరిళ్ళల్లో అవే, వాటిలోంచి ఫోటోలు తీసేయాలి. రాకపోతే పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారం ఫోటో కింద దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే వస్తుంది. అప్పటికీ రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి. స్కానింగు 600 డీపీఐలో, టిఫ్ ఫైలుగా. అందరికీ పంచడానికి జేపెగ్ కాపీ వేరే తీసుకోండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, ఊరు పేరు అక్కడే ఉంటాయి.

గ్రూపు ఫోటోలో ఎవరు ఎవరో రాయడానికి మంచి పద్ధతి, పెద్ద సైజు ప్రింటు తీసి, ఒక్కో తల మీద నంబరు వేసి, కింద పేర్లు రాయడం. పెద్దవాళ్ళ ముందు ఆ ప్రింటు పెడితే వేలు పెట్టి చూపిస్తారు, ఫోన్లో చూపిస్తే కళ్ళు ఆనక వదిలేస్తారు.

కంప్యూటర్ విషయంలో గూగుల్ డ్రైవ్ ఒక కాపీగా మంచిదే, అదొక్కటే చాలదు. ఖాతా రెండేళ్ళు వాడకపోతే తొలగించే హక్కు గూగుల్‌కి ఉంది, అది వాళ్ళ నియమాల్లోనే రాసి ఉంది. మనిషి పోయాక పాస్‌వర్డ్ ఎవరికీ తెలియక, ఫోన్ నంబరు రద్దై, ఓటీపీ రాక ఆగిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ ఖాతాలోనే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది, మీరు ఇన్ని నెలలు వాడకపోతే ఫలానా వాళ్ళకి ఇవి ఇవ్వండి అని ముందే రాసి పెట్టవచ్చు, ఈ రోజే పెట్టేయండి. దానితో పాటు రెండు హార్డ్ డిస్కులు, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో. కాపీలు మూడు, రెండు రకాల వాటి మీద, ఒకటి ఇంటి బయట, ఇది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. ఉప్పెన వచ్చినా, ఇల్లు కాలినా అన్నీ ఒకేసారి పోకూడదు. హార్డ్ డిస్కు కొని బీరువాలో పెట్టి మర్చిపోతే లాభం లేదు, ఏడాదికోసారి తగిలించి తెరిచి చూడాలి, ఐదారేళ్ళకి కొత్తదానికి ఎక్కించాలి. సంక్రాంతికి చేయండి, గుర్తుంటుంది.

ఫైళ్ళ పేర్లు చూడగానే తెలిసేలా ఉండాలి. "IMG" అని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉన్నవి ఎవరికీ పనికిరావు. మనిషి నంబరు, పేరు, సంవత్సరం, ఊరు, ఇలా పెట్టండి.

అను ఫాంట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు 2013 ప్రాంతంలో డీటీపీ వాళ్ళతో కొంత భాగం టైపు చేయించానన్నారు. ఆ ఫైలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్‌లో ఉండి ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి ఇంగ్లీషు గుర్తులే కనబడతాయి. మా బంధువు ఒకాయన 140 పేజీల వంశచరిత్ర అలా పోగొట్టుకున్నాడు, ఫైలుంది, చదివే దారి లేదు, చివరికి పాత ప్రింటు చూసి మళ్ళీ కొట్టించాం. ఇప్పుడు అను నుంచి యూనికోడ్‌కి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు కనబడే పద్ధతికి, మార్చే కన్వర్టర్లు దొరుకుతున్నాయి. మార్పించి, ఒత్తులూ పొల్లులూ పోయాయేమో ఒకసారి చదివి సరిచూసి, మామూలు టెక్స్ట్‌గానూ పీడీఎఫ్‌గానూ దాచండి. వంశవృక్షం ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా గెడ్‌కామ్ ఫైలుగా ఒక ప్రతి తీసి పెట్టండి. 1984 నుంచి ఉన్న పద్ధతి అది, దాదాపు అన్ని వంశవృక్షాల ప్రోగ్రాములూ చదువుతాయి. గ్రాంప్స్ అని ఉచితంగా దొరికేది ఉంది, ఇంటర్నెట్ లేకుండా సొంత కంప్యూటర్‌లోనే నడుస్తుంది. చందా కట్టే వెబ్‌సైట్లో మాత్రమే ఉంచితే చందా ఆగిన రోజు ఇబ్బంది.

మీ పిల్లల గురించి నాకు తోచినది చెప్తాను. చదవడం రాదు, వింటే అర్థమవుతుంది అన్నారు కదా. అయితే వాళ్ళకోసం చదివి వినిపించండి. ఒక్కో మనిషి గురించి మూడు నాలుగు నిమిషాలు, మీ గొంతుతో, మామూలుగా భోజనాల దగ్గర చెప్పినట్టు. "మీ ముత్తాత గారు ఎడమచేతి వాటం, అందుకని పంక్తిలో చివర కూర్చునేవారు" లాంటివి. మనకి వంశాలు నోటితో నిలబెట్టిన సంప్రదాయం కొత్తది కాదు. మా చిన్నప్పుడు కళ్ళాల మీద ధాన్యం కొలిచే రోజుల్లో వంశరాజులు వచ్చి ఇంటిపేరు, గోత్రం, పెద్దల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్ళు. వాళ్ళకి రావాల్సిన వాటా ఇచ్చి పంపేవాళ్ళం, వాళ్ళు చెప్పింది రాసుకోవాలని ఎవరికీ తోచలేదు. ఇప్పటికీ మీ వైపు అలా చెప్పే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వెళ్ళి, గౌరవంగా డబ్బిచ్చి, రికార్డు చేసుకోండి. కాశీ, గయ వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఉంటే పండాల (అక్కడి తీర్థ పురోహితుల) దగ్గర పుస్తకాలు చూడమనండి, మీ తరం పేర్లు కూడా రాయించమనండి. హరిద్వార్ పండాల బహీలు, అంటే వంశాల పేర్లు రాసే పుస్తకాలు, అమెరికాలో యూటా రాష్ట్రంలోని వంశచరిత్ర సంస్థ మైక్రోఫిల్మ్ కూడా తీసింది, అంత విలువైనవవి. ఇంట్లో ఎవరైనా మారిషస్‌కో, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కో, ఫిజీకో వెళ్ళిపోయారన్న కథ ఉంటే ఆ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి, వెతకవచ్చు. మారిషస్‌వి అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

పేర్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు పాస్‌పోర్టులో, స్కూలు సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అది కూడా రాయండి. ఒకే ఇంటిపేరుని అన్నదమ్ములు ముగ్గురు మూడు స్పెల్లింగులతో రాసుకున్న ఇళ్ళున్నాయి, రేపు వెతికేవాళ్ళకి అన్నీ కావాలి.

నాకు అన్నిటికన్నా నమ్మకం అచ్చు మీద. వెయ్యి కాపీలక్కర్లేదు, యాభై వేయించండి చాలు. మంచి కాగితం, కుట్టు బైండింగు, వెనక పదిహేను ఖాళీ పేజీలు, తర్వాతి వాళ్ళు రాసుకోవడానికి. పెళ్ళికో, షష్టిపూర్తికో అందరూ కలిసినప్పుడు ఇంటికొకటి ఇవ్వండి. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమెరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కో ప్రతి పంపాలి. అది భారం అనుకోకండి, మీ కుటుంబం కథ నాలుగు పెద్ద లైబ్రరీల్లో ఉండిపోతుంది. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉన్నాయి, అలాంటి చోట కూడా ఒక ప్రతి ఇవ్వండి. కంపెనీ సర్వే అధికారి మెకెంజీ రోజుల్లో, అంటే రెండొందల ఏళ్ళ కిందట, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊళ్ళమ్మట తిరిగి కరణాల దగ్గర కైఫీయత్తులు (ఊళ్ళ చరిత్రలు) రాయించబట్టి, తర్వాత బ్రౌన్ వాటికి నకళ్ళు తీయించబట్టి ఇవాళ మనం మన ఊరి పుట్టుక చదవగలుగుతున్నాం. నకళ్ళు లేకపోతే శిథిలమైపోయిన వాటిలో చాలా భాగం మనకి మిగిలేది కాదు.

అచ్చు వేసే ముందు, నెట్‌లో పెట్టే ముందు ఒక జాగ్రత్త. బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు, అడ్రసులు, సర్వే నంబర్లు బయట పెట్టొద్దు. రెండో పెళ్ళిళ్ళు, దత్తత గొడవలు, ఆత్మహత్యలు, ఆస్తి తగాదాలు ఉంటాయి, ఏ ఇంట్లో లేవు? వాటిని చెరిపేయకండి. వేరే కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, ఇది ఫలానా సంవత్సరం తర్వాత తెరవండి అని రాసి పెట్టెలో ఉంచండి. చెప్పినవాళ్ళని అడిగి ఒప్పుకుంటేనే పేరు రాయండి.

ఇంకొకటి, వారసుడు. పిల్లలకి ఆసక్తి లేదని బాధపడ్డారు. పిల్లలే కావాలని ఏముంది? మా వైపు ఇప్పుడు ఈ పని చూస్తున్నది ఖరగ్‌పూర్ మేనత్త మనవరాలు, 26 ఏళ్ళ అమ్మాయి. మొదట పాత ఫోటోలకి రంగులేద్దామని వచ్చింది, ఇప్పుడు నాకన్నా ఎక్కువ పేర్లు తెలుసు. బంధువుల పిల్లల్లో ప్రశ్నలడిగే వాళ్ళు ఒకళ్ళుంటారు, వాళ్ళకి ఇప్పుడే చిన్న పని అప్పజెప్పండి, స్కానింగో, ఒక తరం వివరాలు సరిచూడటమో.

ఇన్ని చెప్పాను కదా అని కంగారుపడకండి, అన్నీ ఒక్క నెలలో చేయాల్సినవి కావు. దస్తావేజులు ఇంకో ఏడాది ఆగగలవు, తాటాకులు ఎన్నో ఏళ్ళు ఆగాయి. క్యాసెట్లు ఆగవు. వాటిని పాత టేప్‌రికార్డర్‌లో పెట్టి "పని చేస్తుందేమో చూద్దాం" అనుకోవద్దు, రబ్బరు పాడైపోయిన ప్లేయరు టేపుని నమిలేస్తుంది. మా పెదనాన్న తీసిన క్యాసెట్ ఒకటి అలాగే పోయింది. బాగుచేయించాక మిగిలిన ముక్కలో బాపనమ్మత్త గొంతు "ఆ పిల్ల పేరు... ఉండు, చెప్తా, నోట్లోనే ఉంది" అనేదాకా వినిపిస్తుంది, తర్వాత గరగర. టేపు మీద తెల్లగా బూజు ఉందేమో వెలుతురులో చూసి, ఉంటే ఆ సంగతి ముందే చెప్పి, పాటల క్యాసెట్లు డిజిటల్ చేసే మనిషికి ఇచ్చి, వావ్ ఫైలుగా తీయించుకోండి. పని అయ్యాక కూడా అసలు క్యాసెట్లు పారేయొద్దు.

క్యాసెట్లకన్నా ముందు తెనాలి. ఈ ఆదివారం పొద్దున్నే బయల్దేరండి, పెద్దమ్మగారు టిఫిను చేసి కాస్త ఓపికగా ఉండే టైముకి చేరేలా. గ్రూపు ఫోటోల పెద్ద ప్రింట్లు, పెన్సిలు తీసుకెళ్ళండి. ఫోను పూర్తిగా చార్జింగ్ పెట్టి, ఫ్లైట్ మోడ్‌లో వేసి, ఫ్యాను ఆపి, ఆవిడకి దగ్గరగా గుడ్డ మీద పెట్టండి. మొదట తేదీ, ఊరు, అక్కడున్నవాళ్ళ పేర్లు మీరే చెప్పండి. ఆ తర్వాత ఆవిడ పుట్టింటి వాకిలి ఎలా ఉండేదో అడిగి, మధ్యలో మాట కలపకుండా వినండి.